స్ట్రయాటంలో డోపమైన్ నాడీసంధిని గుర్తించడం, లెక్కించడం: ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పనిచేసే వారికి సమగ్ర మార్గదర్శి

పాఠ్యపుస్తకాల్లో నాడీసంధి (ఒక నాడీకణం మరోదానికి సంకేతం అందించే చోటు) బొమ్మను చూసి అలవాటు పడిన కంటికి డోపమైన్ అనే సంకేత రసాయనపు నాడీసంధి మొదట్లో కనిపించదు. ఆ బొమ్మలో ఇటువైపు గుండ్రటి సంచులతో నిండిన నాడీ కొన, అటువైపు మందమైన నల్లటి పట్టీ, మధ్యలో సన్నని చీలిక స్పష్టంగా ఉంటాయి. మెదడు లోతుల్లో, కదలికల నియంత్రణలో పాలుపంచుకునే స్ట్రయాటంలో అలాంటి దృశ్యం కనిపిస్తే అది చాలావరకు మస్తిష్క వల్కలం నుంచో థాలమస్ నుంచో వచ్చిన గ్లుటమేట్ (ఉత్తేజక రసాయనం) నాడీసంధి అయి ఉంటుంది. డోపమైన్ తంతువు ఆ పక్కనే, ఆ నాడీసంధి ఉన్న ముల్లు (సంకేతాలు అందుకునే నాడీకణపు కొమ్మ, అంటే డెండ్రైట్ మీద మొలిచే చిన్న బుడిపె) మెడను ఆనుకుని, పెద్దగా ఆనవాలేమీ లేకుండా సాగిపోతూ ఉండవచ్చు. దాన్ని పట్టుకోవడం, పట్టుకున్నది నాడీసంధేనా కాదా అని తేల్చడం, తేలనప్పుడు తేలలేదని నమోదు చేయడం ఎలాగో ఈ మార్గదర్శి వివరిస్తుంది. ఈ రంగంలో నలభై ఏళ్ళుగా నడుస్తున్న వాదాల్లో సగం, చూసిన దాన్ని ఏ గడిలో వేశారన్న దగ్గరే పుట్టాయని నా అభిప్రాయం. అందుకే రసాయనాల పట్టిక కంటే చిత్రాన్ని చదవడానికీ, లెక్కకూ ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి మెట్టు: దేని కోసం వెతుకుతున్నామో అంకెల్లో తెలుసుకోవడం

1964లో స్వీడన్‌లో డాల్‌స్ట్రోమ్, ఫుక్సే అనే పరిశోధకులు ప్రతిదీప్తి పద్ధతితో ఎలుక మెదడులో డోపమైన్ వంటి మోనోఅమీన్ రసాయనాలు తయారుచేసే కణసమూహాలకు ఏ1, ఏ2 అంటూ వరుస సంఖ్యలు ఇచ్చారు. వాటిలో మధ్యమెదడులోని ఏ8, ఏ9, ఏ10 సమూహాలు మనకు ముఖ్యం. ఏ9 అంటే సబ్‌స్టాన్షియా నైగ్రాలోని దట్టమైన భాగం, ఏ10 అంటే వెంట్రల్ టెగ్‌మెంటల్ ప్రాంతం. ఏ9 కణాల తంతువులు ప్రధానంగా స్ట్రయాటం పైభాగానికి, ఏ10 కణాలవి ఎక్కువగా స్ట్రయాటం కింది భాగమైన న్యూక్లియస్ అకంబెన్స్‌కు, వల్కలం ముందు భాగానికి చేరతాయి.

కణాల సంఖ్య తక్కువ, విస్తరణ మాత్రం విపరీతం. 2009లో జపాన్‌లో మత్సుదా బృందం ఎలుక సబ్‌స్టాన్షియా నైగ్రాలోని ఒక్కొక్క కణాన్ని వైరస్ సాయంతో వెలిగించి, దాని అక్షతంతువును కొసకొమ్మల దాకా గీసింది. వాటిలో అతి పొడవైన తంతువు, కొమ్మలన్నీ కలుపుకుని, 78 సెంటీమీటర్లు. అరచేతిలో ఇమిడే ఎలుక మెదడులో ఒకే ఒక్క కణానికి అంత తంతువు ఉందన్నమాట. ఆక్స్‌ఫర్డ్‌లో బోలమ్, పిసడాకి 2012లో వేసిన అంచనా ప్రకారం ఎలుకలో ఇలాంటి ఒక్కొక్క కణానికి లక్ష నుంచి రెండున్నర లక్షల దాకా నాడీసంధులు ఉంటాయి. మనిషిలో ఆ సంఖ్య పది లక్షలు దాటుతుంది.

ఈ తంతువుకు మైలిన్ తొడుగు ఉండదు. దండలో పూసల్లా దాని పొడవునా ఉబ్బులు వస్తుంటాయి. ఉబ్బు వ్యాసం అర మైక్రోన్‌కు అటూ ఇటూ ఉంటుంది. ఉబ్బుకూ ఉబ్బుకూ మధ్య భాగం 0.1–0.2 మైక్రోన్లకు సన్నబడిపోతుంది. ఎలుక స్ట్రయాటంలో ఒక ఘన మిల్లీమీటరుకు సుమారు పది కోట్ల డోపమైన్ ఉబ్బులు ఉంటాయని వేర్వేరు పద్ధతుల్లో లెక్క తేలింది. ఆ లెక్కను విడదీసి చూస్తే పది ఘన మైక్రోన్లకు ఒక ఉబ్బు, అంటే రెండు మైక్రోన్లకు కాస్త పైబడిన భుజం గల ఘనానికి ఒకటి వస్తుంది. సూక్ష్మదర్శిని ముందు కూర్చునే ముందే ఈ సంఖ్య మనసులో ఉండాలి. పది మైక్రోన్ల వెడల్పున్న చిత్రంలో గుర్తు పడిన ఉబ్బు ఒక్కటి కూడా కనబడకపోతే అది జీవశాస్త్రం కాదు, మీ ప్రతిరక్షకం (ఎంచుకున్న ప్రోటీన్‌కు అతుక్కుని గుర్తు వేసే అణువు) ఆ లోతుకు చేరలేదని అర్థం.

రెండో మెట్టు: కణజాలాన్ని స్థిరీకరించడం

భారతదేశంలో పనిచేసే వారు సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టాలి. ఎన్ని జంతువులు కావాలో ముందే లెక్కగట్టి దరఖాస్తులో చూపాలి కాబట్టి ఏడో మెట్టును ఇప్పుడే ఒకసారి చదవడం మేలు.

గాఢ మత్తులో ఉన్న ఎలుక గుండె ద్వారా ముందు కొద్దిగా సెలైన్, ఆ వెంటనే స్థిరీకరణ ద్రావణం పంపాలి. 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, దానితో 0.1–0.25 శాతం గ్లుటరాల్డిహైడ్ కలపడం వాడుక. గ్లుటరాల్డిహైడ్ పెరిగేకొద్దీ పొరలు చక్కగా నిలుస్తాయి కానీ ప్రతిరక్షకం అతుక్కోవలసిన ప్రోటీన్ భాగాలు మూసుకుపోతాయి. తగ్గితే గుర్తు బాగా పడుతుంది కానీ పొరలు చిరిగిపోతాయి. డోపమైన్ నాడీసంధి విషయంలో చూడవలసిందే అతి సన్నని పొర మార్పు కనుక నేను ఎప్పుడూ పొరల వైపే మొగ్గుతాను. గుర్తు కాస్త పలచబడినా సర్దుకోవచ్చు. పొర చిరిగిన చిత్రాన్ని మాత్రం ఏ లెక్కలోకీ తీసుకోలేము.

ఇక్కడే ఒక పరిమితిని గుర్తు పెట్టుకోవాలి. బతికున్న మెదడులో కణాల మధ్య ఖాళీ మొత్తం ఘనపరిమాణంలో ఐదో వంతు దాకా ఉంటుంది. రసాయన స్థిరీకరణలో ఆ ఖాళీ చాలావరకు కుంచించుకుపోతుంది. ఉబ్బు నుంచి పక్క కణం వరకు ఉన్న దూరాన్ని చిత్రంలో కొలిచి, డోపమైన్ అంత దూరమే ప్రయాణించాలని రాయడం అందువల్ల పొరపాటు. దూరాలే మీ ప్రశ్న అయితే అధిక పీడనంలో క్షణంలో గడ్డకట్టించే పద్ధతి వైపు వెళ్ళాలి.

మూడో మెట్టు: గుర్తును ఎంచుకోవడం

డోపమైన్ తంతువుకు తనదైన ముఖకవళిక లేదు. గుర్తు వేయకుండా, కేవలం ఆకారాన్ని బట్టి ఇది డోపమైన్ ఉబ్బు అని చెప్పడం కుదరదు. అందుకే దాని రసాయన మార్గంలో ఏదో ఒక ప్రోటీన్‌ను పట్టుకోవాలి. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ ఎంజైము ఎల్-డోపాగా మారుస్తుంది; మరో ఎంజైము దాన్ని డోపమైన్‌గా మారుస్తుంది; వీమ్యాట్-2 అనే వాహకం డోపమైన్‌ను సంచుల్లోకి ఎక్కిస్తుంది; బయటికి వెలువడిన దాన్ని డ్యాట్ అనే మరో వాహకం తిరిగి లోపలికి లాక్కుంటుంది. మన పల్లెల్లో పిల్లలు దురదపెట్టి ఏడిపించడానికి వాడే దూలగొండి కాయ గింజల్లోనూ ఆ ఎల్-డోపాయే ఉంది. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి దాన్ని ఆ గింజల నుంచి వేరుచేశారు.

స్ట్రయాటంలో, డోపమైన్ నుంచే తయారయ్యే నోరెడ్రినలిన్ అనే రసాయనపు తంతువులు బహు తక్కువ. కాబట్టి అక్కడ టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ ఉన్న తంతువును డోపమైన్ తంతువుగా తీసుకోవడంలో పెద్ద ప్రమాదం లేదు. వల్కలంలో ఈ వెసులుబాటు ఉండదు. అక్కడ రెండూ కలగలిసి ఉంటాయి కనుక నోరెడ్రినలిన్ తయారుచేసే ఎంజైముకు వేరుగా గుర్తు వేసి వడపోయాలి. డ్యాట్‌ను గుర్తుగా ఎంచుకుంటే ఒక లాభం ఉంది: అది తంతువు పైపొర మీదే ఉంటుంది కనుక సన్నని భాగాలు కూడా తెలుస్తాయి. అయితే అది నాడీసంధి అతుకు దగ్గర కాక దాని చుట్టుపక్కల పొర మీద పరుచుకుని ఉంటుందనీ, వల్కలం ముందు భాగంలోని తంతువుల్లో దాని మోతాదు తక్కువనీ మరవకూడదు.

గుర్తు వేసే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది పెరాక్సిడేజ్, డయామినోబెంజిడిన్ చర్య. దీన్ని ప్రయోగశాలలో అందరూ డ్యాబ్ అనే అంటారు. అది ఉబ్బు లోపల ముదురు మడ్డిలా వ్యాపించి, తక్కువ ప్రోటీన్ ఉన్నచోట కూడా గుర్తు చూపిస్తుంది. రెండోది బంగారు రేణువులను వెండితో పెంచే పద్ధతి. ఇందులో గుర్తు విడివిడి చుక్కలుగా పడుతుంది కనుక లోపలి నిర్మాణం దాగదు, కానీ చిన్న ఉబ్బులు కొన్ని గుర్తు లేకుండా తప్పించుకుంటాయి. నాడీసంధి ఉందా లేదా అన్నదే ప్రశ్న అయితే రెండు పద్ధతులతోనూ చేయడం ఉత్తమం. ఎందుకంటే డ్యాబ్ మడ్డి సరిగ్గా చూడవలసిన చోటే, అంటే సంచులు పొరకు ఆనుకునే చోటే, కమ్ముకుంటుంది.

కణజాలాన్ని వైబ్రటోమ్ అనే కంపించే బ్లేడు యంత్రంతో 50–60 మైక్రోన్ల ముక్కలుగా కోసి, మిగిలిన ఆల్డిహైడ్‌ను సోడియం బోరోహైడ్రైడ్‌తో అణచి, ఆ తర్వాత ప్రతిరక్షకంలో ఉంచాలి. మామూలు సూక్ష్మదర్శిని పనిలో ప్రతిరక్షకం లోపలికి చొరబడటానికి ట్రైటన్ అనే డిటర్జెంట్ వాడతారు; ఇక్కడ దాన్ని వాడకూడదు, అది పొరలనే కరిగిస్తుంది. బదులుగా ముక్కను చక్కెర ద్రావణంలో నానబెట్టి, ద్రవ నత్రజనిలో క్షణకాలం గడ్డకట్టించి కరగనివ్వాలి. అయినా ప్రతిరక్షకం పైనుంచి నాలుగైదు మైక్రోన్లకు మించి దిగదు. మొదటి ప్రతిరక్షకం వేయని ముక్క ఒకటి ప్రతి విడతలోనూ పక్కన నడవాలి.

నాలుగో మెట్టు: ఆస్మియం, రెసిన్, కోత

ఈ భాగంలో ప్రతి ప్రయోగశాలకూ తన అలవాట్లు ఉంటాయి కాబట్టి త్వరగా దాటుతాను. ఆస్మియం టెట్రాక్సైడ్ పొరల్లోని కొవ్వుకు నలుపు ఇస్తుంది; యురనైల్ ఎసిటేట్ నాడీసంధి పట్టీలకు గాఢత ఇస్తుంది. మొదటిదాని ఆవిరి కళ్ళకు ప్రమాదకరం, రెండోది రేడియోధార్మికం, డ్యాబ్ క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉన్నది. మూడింటినీ పొగగూటిలోనే (ఆవిర్లను బయటికి లాగే అరలోనే) ముట్టుకోవాలి, మూడింటి వ్యర్థాలనూ వేరువేరు సీసాల్లో పోయాలి. ఆపైన ఆల్కహాల్‌తో నీరు తీసి, ముక్కలను రెసిన్‌లో చదునుగా పరిచి, 60 డిగ్రీల వద్ద రెండు రోజులు గట్టిపడనివ్వాలి.

అతి సన్నని ముక్కలు కోసే అల్ట్రామైక్రోటోమ్ యంత్రపు వజ్రపు కత్తి నుంచి నీటి మీదికి తేలే ముక్కల రంగే వాటి మందాన్ని చెబుతుంది. వెండి రంగులో మెరిస్తే సుమారు 60 నానోమీటర్లు, బంగారు రంగుకు తిరిగితే 90 దాటినట్టు. మీకు కావలసింది వెండి రంగు, అదీ తెగకుండా ఒకదానికొకటి అంటుకున్న పట్టీలా. ఆ పట్టీని ఒకే కిటికీ ఉన్న గ్రిడ్ (ముక్కలను మోసే చిన్న లోహపు బిళ్ళ) మీద పలుచని ప్లాస్టిక్ పొర పరిచి ఎత్తుకోవాలి. జల్లెడ గ్రిడ్ వాడితే మీరు వెంబడిస్తున్న ఉబ్బు సరిగ్గా మూడో కోతలో కమ్మీ కిందికి పోతుంది. ముక్క పైతలం నుంచి మొదటి నాలుగైదు మైక్రోన్లే గుర్తున్న భాగం కనుక కత్తిని సరిచేసుకునే పేరుతో అదంతా చెక్కేయకూడదు.

చివర లెడ్ సిట్రేట్ అద్దకం. ఇది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిస్తే సీసపు కార్బనేట్ రేణువులుగా పడిపోతుంది. శిక్షణ తొలి నెలల్లో నేను గిన్నె మీదికి వంగి, గ్రిడ్లను ఒక్కొక్కటే చుక్కల మీద పెడుతూ, హాయిగా ఊపిరి వదులుతూ పనిచేశాను. మర్నాడు సూక్ష్మదర్శినిలో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రేణువులు కనిపించగానే బంగారు గుర్తు అద్భుతంగా పడిందని సంబరపడ్డాను. రేణువులు మైటోకాండ్రియా మీద, రక్తనాళపు గోడ మీద, ఖాళీ రెసిన్ మీద కూడా ఒకే తీరున ఉన్నాయని ఎదుటివారు చూపించే దాకా నాకు తట్టలేదు. అప్పటి నుంచి ఏ గ్రిడ్ తీసినా మొదట ఖాళీ రెసిన్ ఉన్న మూల చూస్తాను. అద్దకం వేసే పళ్ళెంలో సోడియం హైడ్రాక్సైడ్ బిళ్ళలు పెట్టి మూత వేసుకుంటే ఆ బాధ తప్పుతుంది.

ఐదో మెట్టు: చిత్రాన్ని చదవడం

ముందు మూడు వేల రెట్ల దగ్గర నెమ్మదిగా తిరగండి. స్ట్రయాటంలోని నాడీకణాల్లో నూటికి 90కి పైగా ఒకే రకానివి: మధ్యస్థ పరిమాణంలో, డెండ్రైట్ల నిండా ముళ్ళతో ఉండేవి. కాబట్టి మీ ముందున్న అడవిలో కనిపించే ముళ్ళు దాదాపు అన్నీ వాటివే. ముదురు రంగు ఉబ్బు తగిలిన చోట ఆగి, 25–30 వేల రెట్లకు వెళ్ళండి.

ఒక మంచి చిత్రంలో కనిపించేదాన్ని వరుసగా చెబుతాను. మధ్యలో ఒక ముల్లు తల, పుట్టగొడుగు ఆకారంలో. దాని నెత్తిన పెద్ద నాడీ కొన ఒకటి కూర్చుని ఉంది; అందులో సంచులు గుండ్రంగా, ఒకే పరిమాణంలో, కిక్కిరిసి ఉన్నాయి; వాటికి ఎదురుగా ముల్లు పొర లోపలివైపు 30–50 నానోమీటర్ల మందాన నల్లటి పట్టీ ఉంది. ఇది గ్రే అనే పరిశోధకుడు 1959లో మొదటి రకంగా వర్గీకరించిన అసౌష్ఠవ (రెండు వైపులా మందం సమానంగా లేని) నాడీసంధి, గ్లుటమేట్‌ది. ఇప్పుడు చూపును కిందికి, ముల్లు మెడ దగ్గరికి దించండి. అక్కడ ఎడమవైపు నుంచి ఒక సన్నని తంతువు వచ్చి, అర మైక్రోన్ మేర ఉబ్బి, మళ్ళీ సన్నబడి చిత్రం అంచు దాటిపోతోంది. ఉబ్బు లోపలంతా డ్యాబ్ మసి. మసిలోంచి సంచుల వలయాలు, ఒక మైటోకాండ్రియా లీలగా తెలుస్తున్నాయి. సంచులు 40–50 నానోమీటర్ల లోపువే, కానీ అన్నీ గుండ్రంగా లేవు, కొన్ని కోలగా ఉన్నాయి. ఉబ్బు పొర, మెడ పొర దాదాపు 200 నానోమీటర్ల పొడవునా సమాంతరంగా నడుస్తున్నాయి. ఆ మేర వాటి మధ్య చీలిక పక్కనున్న మామూలు ఖాళీ కంటే కాస్త వెడల్పుగా, ఒకే కొలతలో ఉంది. చీలికలో బూడిదరంగు పదార్థం ఉంది. మెడ వైపు పొర లోపల సన్నని నీడ మాత్రమే ఉంది, పట్టీ లేదు. డోపమైన్ సౌష్ఠవ నాడీసంధి అంటే ఇదే.

ఆ సన్నని నీడను నాడీసంధిగా అంగీకరించడానికి నేను నాలుగు ఆనవాళ్ళు అడుగుతాను: సమాంతరంగా సాగే పొరలు, ఒకే వెడల్పున్న చీలికలో పదార్థం, అటువైపు పొర కింద ఎంత పలుచనిదైనా గాఢత, ఇటువైపు పొరకు చేరువగా సంచుల గుంపు. నాలుగోదాన్ని డ్యాబ్ తరచుగా దాచేస్తుంది కనుక మొదటి మూడూ ఉండి, వరసగా కనీసం రెండు కోతల్లో కనబడితే చాలనుకుంటాను. ఉబ్బు ఊరికే ఆనుకుని ఉండటం లెక్కకు రాదు. మెదడు కణజాలంలో ప్రతిదీ దేన్నో ఒకదాన్ని ఆనుకునే ఉంటుంది; మధ్యలో ఆస్ట్రోసైట్ అనే సహాయక కణపు పలుచని రెక్క దూరిందేమో కూడా చూసుకోవాలి.

ఇక్కడ మోసం చేసే దృశ్యాలు మూడు. పొరను కత్తి ఏటవాలుగా కోసినప్పుడు అది మసకబారి నాడీసంధి గాఢతలా భ్రమ కలిగిస్తుంది. గ్రిడ్‌ను వంచి చూపే సౌకర్యం ఉంటే కొన్ని డిగ్రీలు వంచగానే పొర గీతలా తేటపడుతుంది. రెండోది, డ్యాబ్ మసి పక్క కణం పొర మీదికి చింది, లేని గాఢతను సృష్టించడం. మూడోది ఇంకా చిక్కైనది: గుర్తు పడిన ఉబ్బుకు ఎదురుగా మందమైన పట్టీ, అసౌష్ఠవ నాడీసంధి కనబడటం. ఇది ప్రతిసారీ పొరపాటు కాదు. వెంట్రల్ టెగ్‌మెంటల్ ప్రాంతపు కణాల్లో కొన్ని గ్లుటమేట్‌ను కూడా వెలువరిస్తాయి. వాటి తంతువుల్లో గ్లుటమేట్ వెలువడే చోటు, డోపమైన్ వెలువడే చోటు చాలావరకు వేరు. అకంబెన్స్‌లో అలాంటివి తగిలితే కొట్టిపారేయకుండా వేరే గడిలో వేయండి.

ఆరో మెట్టు: వరుస కోతల్లో వెంబడించడం

ఒక్క కోతను చూసి ఈ ఉబ్బుకు నాడీసంధి లేదని ఎందుకు అనకూడదో చిన్న లెక్కతో చూపిస్తాను. ఉబ్బు వ్యాసం 500 నానోమీటర్లు, నాడీసంధి పొడవు 200 నానోమీటర్లు, కోత మందం 60 నానోమీటర్లు అనుకుందాం. ఉబ్బు ఎనిమిది, తొమ్మిది కోతల్లో కనిపిస్తుంది. నాడీసంధి అందులో మూడు, నాలుగు కోతల్లోనే. యాదృచ్ఛికంగా ఒక కోత తీస్తే నాడీసంధి అందులో పడే అవకాశం 260ని 560తో భాగిస్తే వచ్చేది, అంటే దాదాపు 46 శాతం. కాబట్టి ఒంటి కోతల్లో వంద ఉబ్బులు చూసి 15 వాటికే నాడీసంధి కనబడిందంటే, నిజంగా ఉన్నవి 32 దాకా ఉండవచ్చు. ఏటవాలు కోతల వల్ల గుర్తించలేకపోయినవి దీనికి అదనం.

ఈ సవరణ సూత్రంతో సరిపెట్టుకోవచ్చు, కానీ అది నాడీసంధిని గుండ్రటి బిళ్ళగా, ఉబ్బును గోళంగా భావిస్తుంది. రెండూ నిజం కాదు. చేతనైతే ప్రతి ఉబ్బునూ మొదటి కోత నుంచి చివరి కోత దాకా చూడండి. ఉబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్నదానికి ఒక నియమం ముందే రాసుకోవాలి. తంతువు వ్యాసం సన్నని భాగానికి రెట్టింపు దాటిన చోట ఉబ్బు మొదలైనట్టు అని నేను రాసుకుంటాను. పట్టీలో ఒక కోత పోతే ఆ ఉబ్బును వదిలేయనక్కర లేదు. వరుసగా రెండు పోతే మాత్రం వదిలేయాలి, ఎందుకంటే చిన్న నాడీసంధి ఒకటి పూర్తిగా ఆ సందులో దాక్కోగలదు.

ఏడో మెట్టు: నమోదు, లెక్క

ప్రతి ఉబ్బుకూ ఒక వరుస, ఆ వరుసలో మూడే జవాబులు: నాడీసంధి ఉంది, లేదు, తేలలేదు. మూడో గడిని సిగ్గుపడకుండా వాడండి. నాడీసంధి ఉన్నప్పుడు అది ముల్లు తల మీదా, మెడ మీదా, డెండ్రైట్ కాడ మీదా, కణదేహం మీదా అన్నది, ముల్లు అయితే దాని మీద అసౌష్ఠవ నాడీసంధి కూడా ఉందా అన్నది రాయాలి. 1984లో ఫ్రాయిండ్, పవెల్, స్మిత్ సబ్‌స్టాన్షియా నైగ్రాకు తంతువులు పంపే స్ట్రయాటం కణాలను గుర్తుపట్టి, వాటి మీద టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ ఉబ్బులను లెక్కించినప్పుడు సుమారు 60 శాతం ముళ్ళ మీద, మూడో వంతుకు కాస్త పైగా డెండ్రైట్ కాడల మీద, మిగిలిన కొద్దిపాటి కణదేహం మీద ఉన్నాయి. డోపమైన్ ఆనిన ముల్లు మీద గ్లుటమేట్ నాడీసంధి కూడా ఉంటుందని ఆ పనితోనే బలంగా నాటుకుంది. వల్కలం నుంచి వచ్చే సంకేతం మెడ దాటి డెండ్రైట్‌లోకి దిగే ముందే డోపమైన్ దాన్ని సవరించగలదన్న ఊహకు ఆ చిత్రాలే ఆధారం.

గణాంకాల దగ్గర తరచుగా జరిగే తప్పు ఒకటి. రెండు ఎలుకల నుంచి మూడు వందల ఉబ్బులు చూసి, నమూనా సంఖ్య మూడు వందలు అని రాస్తారు. స్థిరీకరణ బాగా కుదిరిన ఎలుకలోని ఉబ్బులన్నీ బాగుంటాయి, కుదరని దానిలో అన్నీ పాడవుతాయి. అవి పరస్పర స్వతంత్రాలు కావు. నమూనా సంఖ్య రెండే.

ఎనిమిదో మెట్టు: వచ్చిన శాతాన్ని అర్థం చేసుకోవడం

ఇప్పుడు మీ చేతిలో ఒక శాతం ఉంది. పాత, కొత్త పరిశోధనలతో పోల్చగానే కంగారు పుడుతుంది. డెకారీస్ బృందం 1996లో ఎలుక స్ట్రయాటంలో 30–40 శాతం డోపమైన్ ఉబ్బులకే నాడీసంధి ఉందని తేల్చింది. 2021లో కస్తూరి ప్రయోగశాల వారు ఎలుక అకంబెన్స్‌లో డోపమైన్ తంతువులకు జన్యుపరంగా గుర్తు వేసి, పెద్ద ఘనపరిమాణాన్ని త్రిమితీయంగా పునర్నిర్మించినప్పుడు నాడీసంధులు అరుదుగానే కనిపించాయి. బదులుగా తంతువు పొర పక్క కణాల పొరలోకి వేళ్ళలా దూరిన చోట్లు కనిపించాయి. ప్రాంతం వేరు, గుర్తు వేరు, అన్నిటికీ మించి నాడీసంధి అనడానికి పెట్టుకున్న గీత వేరు. పలుచని సౌష్ఠవ గాఢతను ఒప్పుకుంటే మొదటి అంకె వైపు, మందమైన పట్టీ కోసం పట్టుబడితే రెండో అంకె వైపు జారుతాము. అందుకే శాతం పక్కనే మీ ప్రమాణాలను, తేలని వాటి సంఖ్యను కూడా అచ్చువేయాలి.

నాడీసంధి ఉండటమూ డోపమైన్ వెలువడటమూ ఒకటి కాదన్నది దీనికి తోడైన మరో చిక్కు. 2018లో కేసర్ ప్రయోగశాల స్ట్రయాటం డోపమైన్ ఉబ్బుల్లో సుమారు 30 శాతానికే విడుదలకు కావలసిన బసూన్, రిమ్, ఎల్క్స్ వంటి ప్రోటీన్ల కూర్పు ఉందని, రిమ్ తొలగిస్తే ప్రేరిత విడుదల దాదాపు ఆగిపోతుందని చూపింది. అంతకు రెండేళ్ళ ముందు మరో బృందం, సంచుల్లో చేరి వెలిగే కృత్రిమ అణువును వాడి, ఉబ్బుల్లో ఐదింట ఒకటే ప్రేరణకు స్పందిస్తుందని చూసింది. అంటే సంచులు నిండా ఉండి, ఎలక్ట్రాన్ చిత్రంలో ఆరోగ్యంగా కనిపించే ఉబ్బు మౌనంగానే ఉండవచ్చు.

అటువైపు పొర కథ ఇంకా ఆసక్తికరం. 2016లో ఉచిగషిమా, వటనబె తదితరులు డోపమైన్ ఉబ్బు ఎదుటి పొరలో ఉన్నవి న్యూరోలిగిన్-2, గెఫిరిన్, గాబా-ఏ గ్రాహకాలని, అంటే గాబా అనే నిరోధక రసాయనపు నాడీసంధుల్లో ఉండే ప్రోటీన్లని చూపారు. డోపమైన్ గ్రాహకాలు అక్కడ పోగుపడి లేవు. అవి నాడీసంధికి దూరంగా ముళ్ళ మీద, కాడల మీద పరుచుకుని ఉంటాయి. అంటే మనం లెక్కిస్తున్న సౌష్ఠవ అతుకు డోపమైన్ సంకేతం దిగే రేవు కాకపోవచ్చు. తంతువును స్ట్రయాటం కణానికి కట్టి ఉంచే గుంజ కావచ్చు. నాకైతే ఈ వివరణే నచ్చుతుంది, ఎందుకంటే మాస్, బోలమ్ 2008లో చూపినట్టు స్ట్రయాటంలోని ఏ నిర్మాణమూ డోపమైన్ నాడీసంధికి ఒక మైక్రోన్‌కు మించి దూరంలో లేదు. చీలిక దాటి పొర్లిన డోపమైన్‌ను డ్యాట్ లాగేసేలోగా అంత దూరం అది చేరగలదు. గ్లుటమేట్ నాడీసంధులకు తంతువు మరీ దగ్గరగా పనిగట్టుకుని వెళుతోందా అంటే, వారి కొలతల్లో అదీ కనబడలేదు. ఏదేమైనా, మీ వ్యాసంలో డోపమైన్ ఫలానా ముల్లుపై పనిచేస్తుంది అని రాసే ముందు, నాడీసంధి కనిపించింది అన్న వాక్యంతో ఆగడమే న్యాయం.

తొమ్మిదో మెట్టు: పార్కిన్సన్ నమూనాకు అన్వయించడం

ఈ పద్ధతిని చాలామంది నేర్చుకునేది పార్కిన్సన్ వ్యాధికి నమూనాగా డోపమైన్ తంతువులను చంపిన ఎలుకను మామూలు ఎలుకతో పోల్చడానికే. అక్కడ ఉచ్చు ఏమిటంటే, మారేది ఉబ్బుల సంఖ్య ఒక్కటే కాదు. 6-హైడ్రాక్సీడోపమైన్ అనే విషంతో తంతువులు పోయిన స్ట్రయాటంలో నాడీకణాల ముళ్ళు కూడా తగ్గుతాయి. పార్కిన్సన్ వ్యాధితో మరణించిన వారి మెదళ్ళలోనూ ఇదే కనిపించింది. ముళ్ళే తగ్గినప్పుడు, మిగిలిన డోపమైన్ నాడీసంధుల్లో ముళ్ళ మీదివి ఎన్ని శాతం అన్న అంకె దానంతట అదే పడిపోతుంది. దాన్ని చూసి తంతువు తన లక్ష్యాన్ని మార్చుకుందని రాస్తే తప్పు. కాబట్టి ఉబ్బులనూ, ముళ్ళనూ, అసౌష్ఠవ నాడీసంధులనూ ఒకే ఘనపరిమాణంలో, డైసెక్టర్ పద్ధతిలో, అంటే ఒక కోతలో ఉండి పక్క కోతలో లేని వాటినే లెక్కించే తీరులో విడివిడిగా లెక్కించాలి. స్ట్రయాటం మొత్తం కుంచించుకుపోయిందేమో కూడా మామూలు సూక్ష్మదర్శినితో కొలిచి, సాంద్రతలను మొత్తం సంఖ్యలుగా మార్చాలి.

గ్రిడ్ పెట్టెల మీద ఏది మామూలు ఎలుకదో, ఏది విషం ఎక్కించిన ఎలుకదో రాయకుండా, ఆ పనికి సంబంధం లేని సహోద్యోగి చేత సంకేత సంఖ్యలు వేయించండి. తంతువులు బాగా పోయిన జంతువు తొలి చిత్రంలోనే బయటపడుతుంది కనుక ఉబ్బుల లెక్కలో ఈ గోప్యత పూర్తిగా నిలవదు; ముళ్ళ లెక్కను మాత్రం గుర్తు కనిపించని చిత్రాల మీద, వేరొక రోజు, వేరొకరితో చేయించవచ్చు. తేలని వాటిని ఇద్దరూ విడివిడిగా మరోసారి చూసి, అప్పటికీ తేలకపోతే ఆ గడిలోనే ఉంచి, పట్టిక మూసేశాకే సంకేత సంఖ్యల కవరు విప్పండి.